వైరల్ లోడ్ పరీక్షకు పిలిస్తే రండి, దానివల్ల పింఛను పోదు

(ఏఆర్‌టీ మందులు వాడుతున్న పింఛనుదారుల కోసం మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో చేసిన ప్రసంగ పాఠం)

ముందుగా ఒక మాట. ఈ పీడీఎఫ్ ఇంట్లో ఇంకెవరైనా చూస్తారన్న దిగులుంటే, చదివేసి ఫోన్లోంచి తీసేయండి.

మూడు ఊళ్లలోనూ నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "రిపోర్టులో వైరస్ కనిపించలేదని వస్తే నా పింఛను ఆపేస్తారా సార్?" ఆపరు. ఎన్టీఆర్ భరోసా కింద నెలకు వచ్చే 4,000 రూపాయలకు మీరు ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడుతుండాలి. వైరల్ లోడ్ అంకె తక్కువైందని పింఛను తీసేయరు. ఈ భయంతోనే కొందరు రక్తం ఇవ్వడానికి రావడం లేదు. అందుకే దీన్ని మొదటే చెబుతున్నా.

మీకు హెచ్ఐవీ ఉందని తేల్చిన మొదటి పరీక్ష వేరు. అది వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూస్తుంది. ఉందా లేదా అని చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. ఎన్నేళ్లు మందులు వాడినా ఆ పరీక్షలో పాజిటివ్ అనే వస్తుంది, దానికి బెదిరిపోవద్దు. ఎంత ఉందో కొలిచేదే వైరల్ లోడ్. ఏఆర్‌టీ వాడే వాళ్లందరికీ ఈ పరీక్షను ఉచితంగా చేసే కార్యక్రమం 2018 ఫిబ్రవరిలో మొదలైంది.

చేతి నరం నుంచి రక్తం తీస్తారు. పరగడుపున రావాల్సిన పని లేదు. దాన్ని యంత్రంలో గిరగిరా తిప్పి, ప్లాస్మా అనే పసుపుపచ్చ ద్రవాన్ని వేరుచేస్తారు. ల్యాబ్‌లో అందులోని వైరస్ జన్యు పదార్థాన్ని మళ్లీ మళ్లీ నకళ్లు తీస్తారు. పాలలో తోడు ఎక్కువ వేస్తే పెరుగు తొందరగా తోడుకుంటుంది కదా, ఇదీ అంతే. వైరస్ ఎక్కువుంటే యంత్రానికి తొందరగా కనబడుతుంది, తక్కువుంటే ఆలస్యంగా. ఆ తేడాను బట్టి ఒక మిల్లీలీటరులో ఎన్ని ఉన్నాయో లెక్క కడతారు.

మందులు మొదలుపెట్టిన 6 నెలలకు, 12 నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి ఈ పరీక్ష ఉంటుంది. అంకె 1000 లోపుంటే మందు పని చేస్తున్నట్టే. "కనిపించలేదు" అని వచ్చి అలాగే నిలబడితే, శారీరక సంబంధం ద్వారా మీ నుంచి భాగస్వామికి సోకదు. అయితే జబ్బు పోయిందని కాదు. మాత్రలు ఆపితే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది.

1000 దాటితే? ఎవరూ మిమ్మల్ని తిట్టడానికి పిలవరు. మాత్రలు ఎక్కడ తప్పాయో కౌన్సెలర్ అడుగుతారు. నిజం చెప్పండి. కుప్పం నుంచి తెల్లారే బెంగళూరు రైలెక్కి, మాత్ర ఇంట్లోనే మర్చిపోయారా? చెప్పండి. నాటుమందు వాడుతున్నారా? ఐరన్, కాల్షియం, గ్యాస్ మాత్రలు వేసుకుంటున్నారా? అవీ చెప్పండి. డోలుటెగ్రావిర్ ఉన్న మాత్రతో కలిపి వేసుకుంటే దాని బలం తగ్గిపోతుంది, వేళలు మార్చుకోవాలి. మూడు నెలలు సరిగ్గా వాడాక మళ్లీ పరీక్ష చేస్తారు. అప్పటికీ తగ్గకపోతే డాక్టర్ మందు మార్చే సంగతి చూస్తారు. తప్పుకు తిరిగితే మాత్రం, పనిచేయని మందునే మింగుతూ ఉంటారు. నాకు ఎక్కువ దిగులు దీనిమీదే.

గర్భిణులకు ఇంకో మాట. 32 నుంచి 36 వారాల మధ్య ఈ పరీక్ష తప్పనిసరిగా చేయించుకోండి. బిడ్డకు మందు ఎలా ఇవ్వాలో దాన్ని బట్టే నిర్ణయిస్తారు. బిడ్డకు 6 వారాలప్పుడు మడమ నుంచి కొన్ని చుక్కల రక్తం తీసి వైరస్ ఉందేమో వెతుకుతారు. తల్లి యాంటీబాడీలు బిడ్డలో 18 నెలల దాకా ఉండొచ్చు, అందుకే మామూలు పరీక్ష అప్పుడు సరిపోదు.

మీ ఒప్పుదల లేకుండా మీ సంగతి బయటపెట్టడం 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం తప్పు. పనికోసం వేరే ఊరు పోతుంటే మందులు అక్కడెలా తీసుకోవాలో ముందే మీ సెంటర్‌లో అడిగి వెళ్లండి. ఏ సందేహమున్నా 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఈసారి మందులకు వచ్చినప్పుడు మీ ఏఆర్‌టీ పుస్తకం తీసి, పోయినసారి వైరల్ లోడ్ ఏ తేదీన చేశారో చూపించమనండి. ఏడాది దాటి ఉంటే ఆ రోజే రక్తం ఇస్తామని చెప్పండి.