వెనక్కి విసిరి ముందుకు సాగే ఆట

కొత్త ఆట మీద ఇష్టం కలగడానికి నియమాలన్నీ కంఠస్థం చేయనక్కర్లేదు, దాన్ని నడిపించే ఒక్క సూత్రం పట్టుబడితే చాలు. రగ్బీనే తీసుకోండి. జట్టుకు 15 మంది. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. ముందుకు పోవాలంటే పట్టుకుని పరిగెత్తాలి, లేదా కాలితో తన్నాలి. అందుకే తోటివాళ్లు వెనకే ఉండి ఆసరా ఇవ్వాలి. ఇది తెలిశాక, తోపులాటలా అనిపించే ఈ ఆటలోనే ఎత్తుగడ కనిపిస్తుంది.

మన జట్టు గెలిస్తేనే ఇష్టం పుడుతుందని కొందరంటారు. కొంత నిజమే. 2015 ప్రపంచకప్‌లో జపాన్ జట్టు దక్షిణాఫ్రికాను 34-32తో ఓడించాక ఆ దేశంలో రగ్బీకి ఆదరణ పెరిగింది. కానీ 2019లో అక్కడే ప్రపంచకప్ జరిగినప్పుడు, కిటక్యూషూలో వేల్స్ జట్టు సాధన చూడటానికే వేలమంది వచ్చి, వేల్స్ జాతీయ గీతాన్ని వెల్ష్ భాషలోనే పాడారు. అది గెలుపు మోజు కాదు, ఆట మీది మక్కువ. ఇక దెబ్బల మాటంటారా, ఆ ముప్పు ఉన్నదే. అందుకే ప్రత్యర్థిని భుజాలకు పైన పట్టుకోవడం నిషేధం. ఈసారి టీవీలో రగ్బీ వస్తే, బంతి లేనివాళ్లు ఎక్కడ నిలబడుతున్నారో గమనించండి. ఆట దానంతటదే అర్థమవుతుంది.