ఇంటిపట్టున పని ఎవరికి నప్పుతుంది?
(అమలాపురంలో స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంటిపట్టున ఉండి చేసుకునే పని ఆడవాళ్లకి నప్పుతుంది" అనే మాట మన కోనసీమలో వినని వాళ్లుండరు. 2020లో కరోనా వచ్చి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఊళ్లకి చేరి కొబ్బరితోటల మధ్య ఇళ్లలో కంప్యూటర్లు పెట్టుకున్నాక ఈ మాటకి కొత్త గౌరవం వచ్చింది. కానీ ఇంటి దగ్గర పని మనకి కొత్తది కాదు. సఖినేటిపల్లి, రాజోలు వైపు, రేవులో పంటు ఎక్కి అవతలికి వెళితే నర్సాపురంలో, స్త్రీలు తరతరాలుగా అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతున్నారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని అది.

ఇంటి పని కొందరికి నిజంగానే నప్పుతుంది. నేనూ ఆ కోవకి చెందినదాన్నే. నలుగురిలో కన్నా ఒంటరిగా ఉన్నప్పుడే నాకు ఆలోచన సాగుతుంది. నా సిద్ధాంత వ్యాసం చాలావరకు ఇంట్లోనే రాశాను. చంటిబిడ్డ తల్లికి, ఎక్కువదూరం నడవలేని మనిషికి, ఆఫీసులో అవమానాలు పడలేని మనిషికి కూడా ఇల్లు ఒక నీడ. అయితే నా ఇష్టం చెల్లడానికి కారణాలున్నాయి. నాకు నెల జీతం ఉంది. తలుపు వేసుకునే గది ఉంది. కావాలంటే బయటికి వెళ్లే స్వేచ్ఛ ఉంది. ఈ మూడూ లేని మనిషిని చూపించి "ఆమె స్వభావమే అంత" అంటే, అది స్వభావం కాదు, గత్యంతరం లేకపోవడం.

సమాజశాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర నర్సాపురం ప్రాంతంలో లేసు పనివారిని అధ్యయనం చేసి, 1982లో పుస్తకం తెచ్చారు. ఇంటిచాకిరీ కాక, రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీలని వ్యాపారులు "తీరిక వేళల్లో కాలక్షేపం చేసే గృహిణులు" అనేవారు. ఆ కాలక్షేపపు సరుకు మాత్రం విదేశాలకి ఎగుమతి అయ్యేది. నూలు ఇచ్చేది ఏజెంటు, ముక్క రేటు కట్టేది ఏజెంటు. ఎవరింట్లో వాళ్లు ఉండటం వల్ల పక్క వీధిలో ఏ రేటు ఇచ్చారో కూడా తెలిసేది కాదు. పొలానికి వెళ్లే దళిత స్త్రీ కూలి ఇంతకన్నా మెరుగని మీస్ గమనించారు. అయినా గడప దాటకపోవడమే కులగౌరవం అనుకున్న కుటుంబాలు తక్కువ సంపాదనకే సరిపెట్టుకున్నాయి. ఆ గౌరవానికి ఖరీదు చెల్లించింది స్త్రీలే.

కంప్యూటర్ ముందున్న కోడలి పరిస్థితి దీనికి పూర్తిగా వేరనుకోకండి. ఆమెకి జీతం ఉంది, నిజమే. కానీ మీటింగు మధ్యలో పొయ్యి మీద పాలు చూడాల్సిందీ, వచ్చిన చుట్టాలకి కాఫీ ఇవ్వాల్సిందీ ఆమే. ఇంట్లో ఉంది కాబట్టి ఖాళీగానే ఉందని అందరి లెక్క.

ఇలాంటి పనివారికి మిగతా వేతన కార్మికులతో సమానమైన హక్కులుండాలని 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడిక చేసింది. దానికోసం గట్టిగా పోరాడిన వాళ్లలో అహమ్మదాబాదులోని 'సేవ' ఉంది. మన ప్రభుత్వం ఇంతవరకు దాన్ని ఆమోదించలేదు. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరుకుకి వచ్చిన గుర్తింపు అల్లిన మనిషికి కూడా రావాలి.

అందుకని ఒక చిన్న పనితో మొదలుపెడదాం. తీసుకున్న నూలు, ముక్కకి ఇచ్చిన రేటు, పట్టిన గంటలు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. నెలకోసారి నాలుగు వీధులవాళ్లు ఒకచోట కూర్చుని ఆ పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూడండి. రేటు గురించి ఏజెంటుని ఒక్కరే కాక, అందరూ కలిసి అడగండి. ఆ తర్వాత కూడా ఇంట్లోనే పని చేస్తానంటారా, సంతోషంగా చేయండి. అప్పుడది మీరు ఎంచుకున్న పని అవుతుంది.