తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

ఈ వారం కాస్త ఇబ్బంది పెట్టే విషయం మాట్లాడుకుందాం. గృహప్రవేశాలు, పుట్టినరోజులు, లాంగ్ వీకెండ్ పార్టీలు మనకి ఎప్పుడూ ఉండేవే కాబట్టి మాట్లాడుకోక తప్పదు.

మనవాళ్ళెవరైనా తాగి కారు నడుపుతూ పోలీసులకి దొరికారని తెలిస్తే మనం మొదట ఏమడుగుతాం? "లాయరు దొరికాడా? హెచ్-1కి ఏమన్నా అవుతుందా? గ్రీన్‌కార్డు ఆగిపోతుందా?" అడగాల్సిన ప్రశ్నలే, కాదనను. ప్రమాదం జరిగి ఎవరిదైనా ప్రాణం పోతే మాత్రం "పాపం, వాడి టైం బాగోలేదు" అంటాం. మనం జాలిపడేది పోయినవాళ్ళ మీద కాదు, తాగినవాడి మీద! 2023లో అమెరికాలో మద్యం మత్తులో బండి నడపడం వల్ల జరిగిన ప్రమాదాల్లో 12,429 మంది చనిపోయారు. ఇంతమంది చావుకీ టైం బాగోకపోవడమే కారణమా?

"మత్తులో ఉన్నాడు, తెలియక చేశాడు" అనేది ఇంకో మాట. స్టీరింగు ముందు కూర్చునేసరికి వాడికి తెలివి లేదు, నిజమే. సాయంత్రం ఇంట్లో బయల్దేరేటప్పుడు ఉంది కదా? అక్కడ మందు ఉంటుందని తెలుసు. తిరిగి తనే నడపాలనీ తెలుసు. తప్పు జరిగింది అక్కడ, మొదటి గ్లాసు ముట్టుకోకముందే.

భారతంలో కచుడి కథ మనకందరికీ తెలుసు. రాక్షసులు కచుణ్ణి చంపి, కాల్చి, ఆ బూడిద కల్లులో కలిపి శుక్రాచార్యుడి చేత తాగించారు. "నాకు తెలియదు కదా" అని ఆయన తప్పించుకోలేదు. దీనికంతటికీ మూలం మద్యమేనని గ్రహించి, ఇకమీదట అది పాపమని కట్టడి చేశాడు. కచుణ్ణి బతికించడానికి ఆయన దగ్గర మృతసంజీవని విద్య ఉంది. మన ఫ్రీవేల మీద ఆ విద్య ఎవరికీ రాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. బాధ్యత తాగినవాడితో ఆగిపోతుందా?

న్యూజెర్సీలో జరిగిన సంగతి ఇది. ఒకాయన స్నేహితుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి గంటో రెండు గంటలో మందు పోశాడు. తర్వాత కారు దాకా వచ్చి, కబుర్లు చెప్పి సాగనంపాడు. ఇరవై అయిదు నిమిషాల తర్వాత, క్షేమంగా చేరాడో లేదో కనుక్కుందామని ఫోన్ చేశాడు. ఎదురుగా వస్తున్న కారుని గుద్దేశాడని భార్య చెప్పింది. ఆ కారులో ఉన్నావిడకి తీవ్రంగా గాయాలయ్యాయి. కళ్ళెదుట మత్తులో ఉన్న అతిథికి, కారు నడుపుతాడని తెలిసీ మందు పోసిన గృహస్థు కూడా నష్టానికి బాధ్యుడేనని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1984లో తీర్పు ఇచ్చింది. ఆయనేమీ దుర్మార్గుడు కాదు. మనలాగే మర్యాదస్తుడు. చేరాడో లేదోనని ఫోన్ చేసి కనుక్కున్నాడంటే అనుమానం ఉన్నట్టే కదా? ఆ అనుమానం పనికొచ్చేది కారు కదలకముందు.

రెండో సంగతీ అక్కడిదే. 2000 జులైలో తాగి నడుపుతున్న ఒకతన్ని పోలీసులు పట్టుకుని, స్నేహితుణ్ణి పిలిచి అప్పగించారు. ఆ స్నేహితుడు అతన్ని ఇంటికి తీసుకెళ్ళలేదు. తిన్నగా అతని కారు దగ్గరే దింపాడు. కాసేపటికి ఆ కారు గుద్ది జాన్ ఎలియట్ అనే కుర్రాడు చనిపోయాడు. నేవల్ అకాడమీలో అప్పుడే చదువు ముగించుకుని, అమ్మ పుట్టినరోజని ఇంటికి వెళ్తున్నాడు. నడిపినవాడూ పోయాడు. స్నేహితుడి మీద కేసు నడిచింది కానీ శిక్ష పడలేదు. 2001లో జాన్ పేరు మీద చట్టం వచ్చింది. పట్టుబడిన కారుని పన్నెండు గంటల పాటు పోలీసులు ఆపి ఉంచాలి. మనిషిని తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళకి కాగితం మీద హెచ్చరిక ఇచ్చి సంతకం చేయించుకుంటారు.

చట్టం అన్నిచోట్లా ఒకలా ఉండదు. కాలిఫోర్నియాలో ఇంట్లో పెద్దవాళ్ళకి మందు పోసినందుకు గృహస్థుని మామూలుగా బాధ్యుణ్ణి చెయ్యరు. కానీ స్టేటు మారితే చట్టం మారుతుంది గాని, పోయిన ప్రాణం విలువ మారదు కదా!

ఇలా అందరిమీదా వేస్తే తాగినవాడి తప్పు తగ్గిపోదా అని మీరు అడగవచ్చు. తగ్గదు. ఇది హోటలు బిల్లు కాదు, నలుగురం పంచుకుంటే తలా కొంచెం పడటానికి. మా కన్సల్టింగు ఉద్యోగాల్లో సిస్టం పడిపోతే ఆఖరి బటన్ నొక్కినవాణ్ణి ఒక్కణ్ణే అడిగి ఊరుకోరు. పరీక్ష చేసినవాణ్ణీ, సరే అన్నవాణ్ణీ అడుగుతారు. అంతమాత్రాన బటన్ నొక్కినవాడి తప్పు మాఫీ కాదు.

మన ఇళ్ళలో అసలు చిక్కు మొహమాటం. "ఇంకొక్కటి, నా మీద ఒట్టు" అని బలవంతం చెయ్యడం మర్యాద అనుకుంటాం. "నువ్వు నడపకు" అనడం అవమానం అనుకుంటాం. "పెరుగన్నం తిన్నాడులే, దిగిపోతుంది" అని సర్దిచెప్పుకుంటాం. పెరుగన్నానికీ కాఫీకీ చన్నీళ్ళకీ ఎక్కిన మత్తు దిగదు. లివరు దాని తీరున అది పని చెయ్యాలి, అందుకు గంటలు పడుతుంది. చట్టం పెట్టిన 0.08 హద్దుని చూసి ధైర్యపడక్కర్లేదు. యూటా 2018 చివరినుంచి దాన్ని 0.05 చేసింది. ఇండియాలో అయితే అది 0.03 మాత్రమే.

అందుకని పార్టీ చేసేవాళ్ళకి ఒక మనవి. ఎవరు నడపాలో పిలిచినప్పుడే అడగండి. సోఫా మీద ఒక దుప్పటి, దిండు సిద్ధంగా ఉంచండి. టాక్సీ మీరే పిలవండి. అన్నా, బావా అని చనువుగా పిలిచేవాళ్ళం, ఆ చనువుతోనే తాళంచెవి అడిగి పుచ్చుకుందాం. రేపు పొద్దున్న వాళ్ళకి కోపం వస్తే రానివ్వండి. కోపం రావాలన్నా మనిషి బతికి ఉండాలి కదా. ఎదుటి కారులో వస్తున్నవాళ్ళు మనకి తెలియనివాళ్ళే కావచ్చు, వాళ్ళ కోసం కూడా ఎవరో ఒకరు మేలుకుని ఎదురుచూస్తుంటారు.