గ్రీకు రాజు మాట, గ్రీకు బానిస మాట
(నాగ్‌పాడాలో చేసిన జోతీరావు ఫూలే స్మారకోపన్యాసం)



ఫూలే స్మృతిలో మాట్లాడడానికి నేను గ్రీసును ఎంచుకున్నాను. కామాటిపురా చాళ్ల మధ్య గ్రీసు గొడవేమిటని కొందరికి అనిపించవచ్చు. రెండున్నర వేల ఏళ్ల కిందటి గ్రీకుల మాటల్ని ఇవాళ్టి రాజకీయ బృందాలు జెండాల మీద రాసుకుంటున్నాయి. అదే గ్రీసు నుంచి ఫూలే కూడా ఒక మాట తెచ్చుకున్నారు. ఆయన వెంట నడిచినవారిలో ఈ బొంబాయి తెలుగువాళ్లున్నారు. ఆ బృందాల అరువుకూ ఫూలే అరువుకూ ఉన్న తేడా చెప్పడమే నా పని.

ముందు రాజు మాట. క్రీ.పూ. 480లో పర్షియా చక్రవర్తి జెర్క్సీస్ గ్రీసు మీదికి దండెత్తి వచ్చాడు. తెర్మోపిలే కనుమ దగ్గర స్పార్టా రాజు లియోనిడాస్ అడ్డుగా నిలిచాడు. ఆయుధాలు అప్పగించమని చక్రవర్తి కబురంపితే, వచ్చి తీసుకొమ్మన్నాడట. ఆ యుద్ధాన్ని తర్వాతి తరంలోనే రాసిన హెరొడోటస్‌లో ఈ జవాబు లేదు. అయిదువందల ఏళ్లు దాటాక రాసిన ప్లూటార్క్‌లో ఉంది. నినాదానికి సాక్ష్యం అక్కర్లేదు, చప్పుడు చాలు.

ఆ సవాలును ప్రాణం పణంగా పెట్టి పలికినవాళ్లూ ఉన్నారు. 1957 మార్చి 3న సైప్రస్‌లో బ్రిటిష్ సైనికులు చుట్టుముట్టి లొంగిపొమ్మన్నప్పుడు తిరుగుబాటు యోధుడు గ్రిగోరిస్ అఫ్క్సెంటియు ఇదే జవాబిచ్చాడంటారు. సైనికులు పెట్రోలు పోసి అతని స్థావరాన్ని తగలబెట్టారు. తర్వాత ఆ మాట చేతులు మారింది. అమెరికాలో తుపాకుల మీద ఆంక్షలు వద్దనే బృందాలు దాన్ని చొక్కాల మీద, కార్ల మీద అచ్చేసుకున్నాయి. 2012లో ఫ్రాన్స్‌లో పుట్టిన ‘జెనరేషన్ ఐడెంటిటేర్’ అనే బృందం వలస వచ్చినవాళ్లను తరిమేయాలంటూ స్పార్టా డాలు మీది లాంబ్డా అక్షరాన్ని గుర్తుగా పెట్టుకుంది. గ్రీసులో ‘గోల్డెన్ డాన్’ పార్టీ తెర్మోపిలే దగ్గరే సభలు జరిపింది. అది నేరముఠా అని 2020 అక్టోబరులో ఏథెన్స్ కోర్టు తేల్చింది.

టెక్సాస్‌లో మన తెలుగు పిల్లలు వేలల్లో ఉన్నారు. ఫిరంగి బొమ్మ, దాని కింద అదే సవాలు ఉన్న జెండా వాళ్ల కంట పడే ఉంటుంది. అది 1835 నాటి గొంజాలెస్ ఊరి జెండా. తానిచ్చిన చిన్న ఫిరంగిని మెక్సికో ప్రభుత్వం తిరిగి అడిగితే అక్కడి వలసవాసులు ఇవ్వమన్నారు. మెక్సికో 1829లోనే బానిసత్వాన్ని రద్దు చేసింది. దాని మీద తిరగబడి వీళ్లు కట్టుకున్న టెక్సాస్ రాజ్యం మాత్రం 1836 రాజ్యాంగంలో బానిసల మీద యజమానుల హక్కును భద్రంగా కాపాడింది. స్వేచ్ఛ కోసమని ఎత్తిన జెండా నీడలో సంకెళ్లు అలాగే ఉన్నాయి.

స్పార్టాలోనూ అంతే. అక్కడ పొలం దున్నింది హెలట్లు. వాళ్లు స్పార్టా రాజ్యానికి కట్టుబానిసలు. క్రీ.పూ. 479లో ప్లాటియా యుద్ధానికి ఒక్కొక్క స్పార్టా యోధుడి వెంట ఏడుగురు హెలట్లు నడిచారని హెరొడోటస్ లెక్క: యోధులు 5,000, హెలట్లు 35,000. తెర్మోపిలే శవాల్లోనూ హెలట్ల శవాలున్నాయని ఆయనే రాశాడు. స్పార్టా అధికారులు ఏటా హెలట్ల మీద యుద్ధం ప్రకటించేవారు, చంపినా పాపం అంటకుండా. ఒకసారి, యుద్ధంలో బాగా పోరాడినవాళ్లు ముందుకొస్తే విడుదల చేస్తామని చాటించారు. దాదాపు 2,000 మందిని ఎంచి, తలకు పూలదండలు చుట్టి, గుళ్ల చుట్టూ తిప్పారు. ఆ తర్వాత వాళ్లేమయ్యారో ఎవరికీ తెలియలేదని గ్రీకు చరిత్రకారుడు తుసిడిడీస్ రాశాడు. స్వేచ్ఛ కావాలన్నవాళ్లే ముందు ప్రమాదకరమని ఏలికలు అలా పోల్చుకున్నారు. లియోనిడాస్ బొమ్మ వేసుకున్న ఏ చొక్కా మీదా ఈ 2,000 మంది కనబడరు.

ఇక బొంబాయికి వద్దాం. కామాటిపురాకు పేరిచ్చిన కామాటీలు నిజాం రాజ్యం నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చి ఈ నగరానికి రాళ్లెత్తినవాళ్లు. వాళ్లలో కొందరు మేస్త్రీలయ్యారు, కాంట్రాక్టర్లయ్యారు. పుణెలో ఫూలే కూడా కాంట్రాక్టరే. 1870లలో ముఠా నది ఆనకట్టకు కట్టుబడి సామాను సరఫరా చేశారు. 1873 సెప్టెంబరు 24న ఆయన సత్యశోధక సమాజం స్థాపించాక బొంబాయిలో దానికి అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, నర్సింగరావు సాయబు వడనాల, జాయా కరాడి లింగు, వెంకు బాళాజీ కాళేవార్ ఉన్నారు. పేర్లు వింటేనే మనవాళ్లని తెలుస్తుంది. సమాజానికి అచ్చుయంత్రం కొనిచ్చినవాళ్లూ వీళ్లలో ఉన్నారు. పొట్టకూటికి రాయి మోసిన జనం అక్షరం మీద డబ్బు పెట్టారు.

1873లోనే ఫూలే పుస్తకం ‘గులాంగిరి’ వెలువడింది. నీగ్రో బానిసల విముక్తికి పాటుపడ్డ అమెరికా ప్రజలకు దాన్ని అంకితమిచ్చారు. దాని ఇంగ్లిష్ ముందుమాట హోమర్ మాటతో మొదలవుతుంది: మనిషి బానిస అయిన రోజే అతని మంచితనంలో సగం పోతుందని దాని సారం. ‘ఒడిస్సీ’లో ఈ మాట అన్నది రాజు కాదు, పందుల కాపరి యుమేయస్. చిన్ననాడు ఎత్తుకొచ్చి అమ్మేస్తే బానిస అయినవాడు. యజమాని లేకపోతే సాటి బానిసలు పని సరిగా చేయరని, అతని ముసలి కుక్కను కూడా పట్టించుకోలేదని విసుక్కుంటూ అన్నాడు.

అమెరికా నాయకుడు, బానిసల యజమాని థామస్ జెఫర్సన్ కూడా 1780లలో వర్జీనియా గురించిన పుస్తకంలో ఈ మాటే ఎత్తిచూపాడు. హోమర్ చెప్పిన బానిసలు తెల్లవాళ్లు గదా అన్నాడు. నల్లవాళ్ల స్థితికి కారణం బానిసత్వం కాదు, వాళ్ల పుట్టుకేనన్న అనుమానం వైపు దాన్ని తిప్పాడు. ఫూలే దాన్ని పుస్తకం గుమ్మంలో నిలబెట్టి, మనిషిని సగం చేసిన వ్యవస్థ వైపు వేలు చూపించారు. ఒకటే మాట. బానిసలను ఏలినవాడి చేతిలో నింద అయింది, శూద్రాతిశూద్రుల పక్షాన నిలిచినవాడి చేతిలో అభియోగపత్రం అయింది.

ఈ నగరమే పెంచిన ఒక మహానుభావుడు కూడా గ్రీసు దాకా వెళ్లారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదా ప్రవేశపెడుతూ అంబేడ్కర్ రాజ్యాంగ నైతికత గురించి చెప్పారు. ఆ భావన ఆయన తీసుకున్నది జార్జ్ గ్రోట్ రాసిన గ్రీసు చరిత్ర నుంచి. ఏథెన్స్‌లో క్లీస్థెనీస్ తెచ్చిన ప్రజాపాలనను వివరిస్తూ గ్రోట్ రాసిన మాట అది. ఏథెన్స్‌లోనూ బానిసలున్నారు, ఆడవాళ్లకు ఓటు లేదు. ఏథెన్స్ గొప్పదనాన్ని పొగడడానికి అంబేడ్కర్ దాన్ని తేలేదు. ఆ నైతికత మనకు పుట్టుకతో రాదని, అలవరచుకోవాలని హెచ్చరించడానికి తెచ్చారు. 2018లో స్వలింగ సంబంధాలు నేరం కాదన్న తీర్పులో సుప్రీంకోర్టు ఆ భావన మీదే నిలబడింది.

కాబట్టి పాత చరిత్ర నుంచి నినాదం తెచ్చుకోవడం తప్పని నేననను. తెచ్చుకునేటప్పుడు ఒక ప్రశ్న వేయాలి: ఆ మాట పుట్టిన ఊళ్లో పొలం ఎవరు దున్నారు, రాయి ఎవరు మోశారు? ఆ జనాన్ని దాచిపెట్టి రాజును మాత్రమే చూపించే నినాదం రేపు మనల్నీ దాచిపెడుతుంది. మన దగ్గరా కులసంఘాలు, పార్టీలు కాకతీయుల పేరు, రాయలవారి పేరు ఎత్తుతూనే ఉన్నాయి. వాళ్ల కోటలకు రాయి కొట్టిన వడ్డెరల పేరు ఏ వేదిక మీదా వినబడదు. సవాళ్లు విసరడం నేర్పేవాళ్లు చాలామంది ఉన్నారు. లెక్క అడగడం నేర్పిన ఫూలే వారసత్వం మనది.

చివరిగా ఒక విన్నపం. కామాటిపురా పాత చాళ్లు పడగొట్టి కొత్తగా కట్టే ప్రణాళిక నడుస్తోంది. సామాను సర్దేటప్పుడు తాతల నాటి కాంట్రాక్టు కాగితాలు, సమాజం రసీదులు, ఫొటోలు, ఉత్తరాలు దొరికితే తూకానికి వేయకండి. ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వండి, కనీసం ఫొటో తీసి దాచండి. బొంబాయి తెలుగు సత్యశోధకుల చరిత్ర తెలుగులో ఇంకా నిండుగా రాయాల్సే ఉంది. దానికి ఆధారాలు మీ ఇళ్లలోనే ఉన్నాయి.