బంతి విడుచు విధము



పదిపిన్నుల బౌలింగు అను ఆట నేడు హైదరాబాదు మొదలగు నగరములలో ఆడబడుచున్నది. మా నక్కపల్లి వంటి ఊళ్లనుండి చదువులకును కొలువులకును నగరములకేగిన యువకులకు ఇది క్రొత్త వేడుక. అయితే పలువురు దీనిని బలప్రదర్శనముగా దలచి, మోయలేని బంతిని ఎత్తి విసరి, మణికట్టునకును నడుమునకును నొప్పి తెచ్చుకొనుచున్నారు. ఈ ఆటకు వలయునది బలముకంటె నిలుకడ. ఆ సంగతినే మనవి చేసెదను.

విడుపు గీతనుండి మొదటి పిన్నువరకు బాట పొడవు 60 అడుగులు. బంతి బరువు 16 పౌనులకు మించరాదు. అది పైమేరయే గాని విధి కాదు. చేయి చాచి ఊపినపుడు భుజము క్రుంగని బంతియే మనకు తగిన బంతి.

కుడిచేతివాటము గలవాడు బంతిని కుడిభుజమున కెదురుగా, నడుమునకు పైగా నుంచుకొని, బరువును ఎడమ అరచేత మోపవలెను. పద్యమునకు వలెనే ఈ నడకకును పాదములు నాలుగు. మొదట కుడికాలు సాగునపుడు బంతిని ముందునకు చాపవలెను. రెండవ అడుగున అది తన బరువుచేతనే క్రిందికి దిగును. మూడవ అడుగున వెనుకకు లేచును. నాలుగవ అడుగున ఎడమకాలు జారుచు మోకాలు వంగగా, బంతి ఆ చీలమండ ప్రక్కగా ముందునకు వచ్చును. విడుపు అచ్చటనే. బొటనవ్రేలు ముందుగాను, తక్కిన రెండు వ్రేళ్లు పిదపను వెలువడవలెను. చేయి గడియారపు లోలకమువలె ఊగవలెనే గాని త్రోయరాదు. కాలును చేయియు కూడిరానిచో, యతి తప్పిన పద్యమువలె బంతి నడక చెడును. గీత దాటినచో పడిన పిన్నులును లెక్కకు రావు.

ద్రోణుని పరీక్షలో అర్జునుడు పక్షిశిరమునే చూచెను. ఇచ్చట మాత్రము దూరపు పిన్నును గాక, గీతకు సుమారు 15 అడుగుల దూరమున బాటపైనున్న బాణపు గుర్తును చూడవలెను. దగ్గరి గురియందు చిన్న తేడయు కంటికి తెలియును.

మొదటి పిన్నును నడిమికి కొట్టినచో తరచుగా ఇరుప్రక్కల పిన్నులు మిగులును. మొదటి, మూడవ పిన్నుల సందున ఏటవాలుగా జొచ్చిన మేలైన దెబ్బలో బంతి స్వయముగా తాకునవి 1, 3, 5, 9 సంఖ్యల పిన్నులు నాలుగే. తక్కిన ఆరును తోడిపిన్నుల తాకిడిచేతనే కూలును. ఇక మితిమీరిన బలముతో పనియేమి?

కావున యువకులారా! తేలిక బంతితో నడక నేర్వుడు. బంతి విడిచిన పిదప, అది పిన్నులను చేరువరకు ఒంటికాలిపై తూలక నిలువగలిగితిరేని, మీ విడుపు సరియైనదని యెరుంగుడు. పడిన పిన్నుల లెక్క తరువాతిది.