అమ్మ లెక్కంతా బీడీల్లోనే

(ఈ బతుకమ్మ పండుగకు న్యూజెర్సీలో కలుసుకున్న తెలంగాణ మిత్రుల ముందు మాట్లాడిన మాటల పాఠం)



బతుకమ్మ ఆడి అలసిపోయారు, పిల్లలు సద్దుల కోసం ఎదురుచూస్తున్నారు. ఎక్కువసేపు మాట్లాడను.

మనం కలిసినప్పుడల్లా నీళ్లు, నిధులు, నియామకాల లెక్కలు చెప్పుకుంటాం. కృష్ణా నీళ్లలో మన వాటా ఎన్ని టీఎంసీలో, మనకు రావాల్సిన ఉద్యోగాలు ఎన్నో ఇక్కడ చాలామందికి కంఠతా వచ్చు. ఇవాళ నేను ఇంకో లెక్క చెబుతాను. అది మా అమ్మ లెక్క. అమ్మ దేన్నైనా బీడీల్లోనే కొలిచేది.

మాది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె. మా వాడలో ఏ ఇంటి ముందు చూసినా ఒక ఆడమనిషి ఒడిలో చాట పెట్టుకుని కూర్చుని ఉంటుంది. చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు, దారం, కత్తెర. నిజామాబాద్, కరీంనగర్, ఆదిలాబాద్, మెదక్ జిల్లాల్లో లక్షల మంది ఆడవాళ్ల బతుకు ఆ చాట మీదే నడుస్తోంది. వానలు లేక పొలం ఎండినా, మగ్గం ఆగినా, మగవాళ్లు దుబాయి పోయినా ఇంట్లో పొయ్యి వెలిగించేది ఆ చాటే. దుబాయి నుంచి మొదట్లో వచ్చే పైసలు ఏజెంటు కోసం చేసిన అప్పుకు, మిత్తికే సరిపోతాయని గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన అన్నలకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆ అప్పు తీరేదాకా ఇల్లు నడిపేది బీడీలే.

వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆకు తడపాలి, కొలత ప్రకారం కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి, ఇరవై ఐదు చొప్పున కట్టలు కట్టాలి. ఇంటి పని చూసుకుంటూ అమ్మ వెయ్యి పూర్తి చేసేసరికి రాత్రి పది దాటేది. మర్నాడు కార్ఖానాకు తీసుకుపోతే బాగలేవని కొన్ని పక్కకు తీసేసేవారు. వాటికి కూలి లేదు. ఇచ్చిన ఆకులో చిరుగులుంటే, తక్కువపడ్డ ఆకు మేమే కొనుక్కోవాలి. అంతా చేసి, నెలలో పని దొరికేది సగం రోజులే.

నేను హైదరాబాద్‌లో పీజీ చదువుతుండగా అమ్మకు దగ్గు మొదలైంది. "ఏం గాలే బిడ్డా, తంబాకు ఘాటుకు అస్తుంది" అనేది. మా వాడలో దగ్గని ఆడమనిషి లేదు కాబట్టి నేనూ నమ్మాను. తర్వాత రోజూ పొద్దుగూకితే జ్వరం. మనిషి సగమైంది. గళ్ల పరీక్ష చేసి టీబీ అన్నారు.

మందులు సర్కారు ఉచితంగానే ఇచ్చింది. అప్పట్లో వారానికి మూడు రోజులు దవాఖానకు పోయి, వాళ్ల ముందే గోళీలు మింగాల్సి ఉండేది. మందు మంచిదే, పద్ధతీ మంచిదే. కానీ కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే వేళ కూడా అదే. దవాఖానకు పోయి రావడానికి ఒక పూట పడుతుంది. ఒక పూటంటే నాలుగైదు వందల బీడీలు. పైగా టీబీ అని తెలిస్తే తన బీడీలు తీసుకోరేమోనని భయం. రెండు నెలలకు దగ్గు తగ్గింది. అమ్మ మందులు మానేసింది. నాకు చెప్పలేదు. ఆ నెల నా హాస్టల్ మెస్ బిల్లు పైసలు మాత్రం టైముకు వచ్చాయి.

ఏడాదిన్నర తర్వాత అదే దగ్గు నెత్తురుతో తిరిగొచ్చింది. ఈసారి ఎనిమిది నెలల మందులు, మొదటి రెండు నెలలు సూదులు కూడా. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది. చాట అటకెక్కించాను, మందులు పూర్తి చేయించాను. అమ్మ బతికింది. కానీ ఒక ఊపిరితిత్తి చాలామటుకు పాడైపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆగి గోడ పట్టుకుంటుంది. ఇప్పుడు నేను ఎన్ని డాలర్లు పంపినా అది బాగుపడదు.

చాలాకాలం నేను అమ్మనే తప్పుపట్టాను. చదువు లేక అట్లా చేసిందనుకున్నాను. నా చదువు కోసం చేసిందని ఒప్పుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. తన చేతిలో ఉన్న అంకెలతో అమ్మ లెక్క సరిగానే వేసింది. గోళీలకు పైసలు అక్కర్లేదు, కానీ ఆ పూటకు కూలి ఎవరిస్తారు?

మా వాడంతా ఇదే లెక్క. తంబాకులోని నికోటిన్ చేతి చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. అవే చేతులతో పిల్లలకు బువ్వ కలిపి పెడతారు. రోజంతా వంగి కూర్చుని మెడ, నడుము పట్టేస్తాయి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషికి నెత్తురు ఎట్లా పడుతుంది? ముప్పై ఐదేళ్లు నిండకుండానే గర్భసంచి తీయించుకున్నవాళ్లు మా వాడలో ఎందరో ఉన్నారు. "ఎందుకక్కా?" అని ఒకామెను అడిగితే, "నెలకు నాలుగొద్దుల పని పోతుండె, ఒక్కపారి తీసేస్తె రంది లేదు" అన్నది. ఆమె కూడా బీడీలే లెక్కపెట్టింది.

చట్టాలు రాలేదా అంటే వచ్చాయి. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. 2017 దాకా బీడీల మీద వసూలు చేసిన సెస్సుతో కార్మికులకు దవాఖానలు, వాళ్ల పిల్లలకు స్కాలర్‌షిప్పులు నడిచేవి. కానీ గుర్తింపు కార్డు ఉండాలి. మా అమ్మ పన్నెండేళ్లు మా పెద్దమ్మ పేరు మీద బీడీలు ఇచ్చింది. పీఎఫ్ పెద్దమ్మ పేరు మీదే, కార్డూ పెద్దమ్మదే. కాగితం మీద అమ్మ బీడీ కార్మికురాలే కాదు. ఇక ఆమె దగ్గు ఎవరి లెక్కలోకి వస్తుంది?

2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. జీతాలు వదులుకున్న ఉద్యోగుల గురించి మనం ఇక్కడ గర్వంగా చెప్పుకున్నాం, చెప్పుకోవాల్సిందే. మా వాడ ఆడవాళ్లు కూడా రాస్తారోకోల్లో కూర్చున్నారు, వంటావార్పు చేశారు, నడిరోడ్డు మీద బతుకమ్మ ఆడారు. అక్కడ కూర్చున్న ప్రతి పూటా వాళ్లకు నాలుగైదు వందల బీడీల కూలి పోయింది. తమ రోగానికి కూడా ఇచ్చుకోలేని పూటను వాళ్లు తెలంగాణకు ఇచ్చారు.

2014లో రాష్ట్రం వచ్చింది. వచ్చినంత మాత్రాన దగ్గు దానంతటది పోదు. సేటు ఏ ప్రాంతంవాడైనా తంబాకు ఘాటు ఒక్కటే. అందుకే ఇప్పటి నుంచే అడుగుదాం. బీడీ చుట్టే ప్రతి ఆడమనిషికీ తన పేరు మీదే కార్డు ఉండాలి. మందుగోళీలు ఆమె బీడీలు అప్పజెప్పే చోటికే రావాలి. మందు మింగినన్ని రోజులు పోయిన కూలి ఆమెకు అందాలి. ఆమె బిడ్డకు చాట కాకుండా ఇంకో పని దొరకాలి. ఇవి మన నాయకులను అడగడానికి మొహమాటపడొద్దు.

మనమూ మన ఊళ్లలో హెల్త్ క్యాంపులు పెడుతున్నాం. మంచిదే. కానీ ఒక్కరోజు క్యాంపు ఆరు నెలల మందు మింగించలేదు. నేను మా ఊళ్లో చిన్నగా మొదలుపెట్టాను. టీబీ మందులు వాడే ఆడవాళ్లకు దవాఖానకు పోయే పూట కూలి పంపుతున్నాను. ఇప్పటిదాకా నలుగురు. ముగ్గురు కోర్సు పూర్తి చేశారు. ఒకామె మధ్యలో కూతురి పెండ్లి వచ్చి మానేసింది. అమ్మ ఆమె ఇంటికి రోజూ పోయి గడపలో కూర్చుంటోంది, మళ్లీ మొదలుపెట్టేదాకా లేవనంటోంది. మీరూ మీ ఊరికి ఇట్లా చేస్తానంటే, సద్దులు తిన్నాక నా దగ్గరికి రండి. ఎట్లా చేయాలో చెబుతాను.

జై తెలంగాణ.