ఎక్కడ ఆగాలో తెలియడమే విద్య

ఈరోజు పట్టాలు అందుకుంటున్న నర్సింగ్ పట్టభద్రులారా!

రేపటి నుంచి నడుం నొప్పి అనే మాట వినని రోజు మీకు ఉండదు. చాలావరకు మందులతో, కసరత్తుతో తగ్గేవే. ఎప్పుడో ఒకరికి మాత్రం వెన్ను చివర ఉండే త్రికాస్థి ముందు ష్వానోమా పెరుగుతూ ఉంటుంది. నరాన్ని చుట్టి ఉండే ష్వాన్ కణాల్లో పుట్టే గడ్డ ఇది. దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. కటి భాగంలో జాగా ఉంది కాబట్టి ఏళ్ల తరబడి చడీచప్పుడూ లేకుండా పెరుగుతుంది. కాలు లాగడం, మలబద్ధకం, మాటిమాటికీ మూత్రం మొదలైనా డిస్కు నొప్పేననుకుని కాలం గడిపేస్తారు.

క్యాన్సర్ కాదన్నంత మాత్రాన ఆపరేషన్ తేలిక కాదు. మూత్రం, మలం మీద అదుపునిచ్చే నరాలు అక్కడే ఉంటాయి. గడ్డ పైభాగాన ఉంటే పొట్ట వైపు నుంచి, కింద ఉంటే వెనక నుంచి, పెద్దదైతే రెండు వైపుల నుంచీ వెళ్తారు. గడ్డ పైపొర మీద నరపు పోగులు సాగి, పల్చగా పరుచుకుని ఉంటాయి. సర్జన్ చిన్న విద్యుత్ మొనతో ఒక్కోచోట తాకుతారు. కండరం అదిరితే అక్కడ కత్తి పెట్టరు. స్పందన లేని చోట పొరను నిలువుగా చీల్చి, లోపలి గడ్డను ఒలిచి తీస్తారు. నరం తెగేలా ఉంటే కొంత గడ్డను వదిలేసి, ఏటా ఎంఆర్‌ఐతో గమనిస్తారు. బాధపెట్టని చిన్న గడ్డనైతే అసలు ముట్టుకోకపోవచ్చు.

అంత పెద్ద ఆపరేషన్ మన యానాంలో జరగకపోవచ్చు, రోగిని బయటికి పంపాల్సి రావచ్చు. ఫ్రెంచివారు 1823లో పుదుచ్చేరిలో పెట్టిన వైద్య పాఠశాలే నేటి పెద్దాసుపత్రి జిప్‌మర్‌కు మూలం. పుదుచ్చేరి మనకు పాలనలో దగ్గర, ప్రయాణంలో దూరం. 1958లో మొదలైన రంగరాయ వైద్య కళాశాల పక్కనే కాకినాడలో ఉంది. ఎక్కడికి పంపినా, మొదటి ప్రశ్న అడగాల్సింది మీరే.

చిన్న ఊరు మనది. రోగి మీకు బాబాయో, చదువు చెప్పిన మాస్టారో అవుతారు, అందుకే సిగ్గుపడతారు. తలుపు దగ్గరగా వేసి, "ఒంటికి, రెంటికి సరిగ్గా వెళ్తున్నారా? కూర్చునే చోట తిమ్మిరిగా ఉందా?" అని అడగండి. ఉన్నట్టుండి మూత్రం ఆగినా, ఆ చోట స్పర్శ పోయినా అదేరోజు డాక్టరుకు చూపించండి. ఆపరేషన్‌కు ముందు పరిస్థితి రాసిపెట్టండి. తర్వాత మూత్రపు గొట్టం తీసినరోజు ఎంత వచ్చిందీ, లోపల ఎంత మిగిలిందీ కొలవండి. సర్జన్ కాపాడిన నరం పనిచేస్తోందో లేదో చెప్పేది ఆ కొలతే.

సిగ్గుపడకుండా అడగండి, అడిగింది రాయండి.